కాలేజీ అథ్లెటిక్స్‌లో ఫండ్‌రైజింగ్ ఉద్యోగం: అప్లికేషన్లు వెళ్తున్నాయి, కాల్స్ రావట్లేదు

నెల్లూరు_నెట్‌ప్రాక్టీస్
వచ్చే మే నెలకి నా స్పోర్ట్ మేనేజ్‌మెంట్ మాస్టర్స్ అయిపోతుంది. అమెరికా మిడ్‌వెస్ట్‌లో ఒక స్టేట్ యూనివర్సిటీ. కాలేజీ అథ్లెటిక్స్ డిపార్ట్‌మెంట్‌లో ఫండ్‌రైజింగ్ వైపు వెళ్ళాలని మొదటి సెమిస్టర్ నుంచీ ఉంది. సెప్టెంబరు నుంచి అప్లై చేస్తూనే ఉన్నా. వస్తే ఆటోమేటిక్ రిజెక్షన్ మెయిల్, లేకపోతే అదీ రాదు. పైన ఎంట్రీ లెవెల్ అని రాసి కింద రెండు మూడేళ్ళ ఫండ్‌రైజింగ్ అనుభవం కావాలంటారు. ఉద్యోగం ఇవ్వకుండా ఆ అనుభవం ఎక్కడి నుంచి ఊడిపడుతుంది? ప్రస్తుతం టికెట్ ఆఫీసులో వారానికి 20 గంటలు స్టూడెంట్ జాబ్ చేస్తున్నా. ఇండియాలో డిగ్రీ చదివేటప్పుడు యూనివర్సిటీ వాలీబాల్ టీమ్‌లో ఆడాను, రెజ్యూమెలో మొట్టమొదట అదే పెట్టాను. నా క్లాసులో అమెరికన్ పిల్లలకి కనీసం ఫోన్ ఇంటర్వ్యూలైనా వస్తున్నాయి. నాకు వీసా అడ్డమా, పేరా, రెజ్యూమేనా? ఈ లైన్లో ఉన్నవాళ్ళెవరైనా ఉంటే మొహమాటం లేకుండా చెప్పండి. "చందాలు వసూలు చెయ్యడానికి అమెరికా దాకా వెళ్ళాలా" అని మా నాన్న అడిగితే ఏం చెప్పాలో కూడా చెబితే పుణ్యం ఉంటుంది.

హాస్యం_ఉచితం
మీ నాన్నగారిది న్యాయమైన ప్రశ్నే. మా వీధి వినాయక చవితి కమిటీలో చిన్నప్పటి నుంచీ రశీదు పుస్తకం పట్టుకుని తిరిగినవాణ్ణి, నన్ను ఏ యూనివర్సిటీ వాళ్ళూ పిలవలేదే!

చందాల_చక్రపాణి
పైన ఆయన జోకేశాడు గానీ ఈ అమ్మాయి రెజ్యూమె కన్నా ఆయన రశీదు పుస్తకం ఈ ఉద్యోగానికి దగ్గర. సౌత్‌లో ఒక పెద్ద యూనివర్సిటీ అథ్లెటిక్ ఫండ్‌లో పనిచేస్తున్నాను, పేరు అడగొద్దు. కొత్తవాళ్ళని తీసుకునేటప్పుడు రెజ్యూమెలు చూసే నలుగురిలో నేనూ ఒకణ్ణి. వచ్చినవాటిలో సగానికి సగం "ఆటలంటే నాకు ప్రాణం" అని మొదలవుతాయి. ఆటలంటే ప్రాణం లేనివాడు అప్లై చెయ్యడుగా! అది చదవగానే కళ్ళు కింద లైనుకి జారిపోతాయి. మేం వెతికేది ఒకటే, ఈ మనిషి ఎప్పుడైనా ఎవరినైనా డబ్బు అడిగిందా, కాదంటే తట్టుకుందా, మళ్ళీ ఫోన్ చేసిందా.

టికెట్ ఆఫీసులో ఏం చేస్తున్నావో ఒక్క ముక్క రాయలేదు చూశావా. రెన్యూవల్ కాల్స్ చేశావా? సీటు మారినందుకు కోపంతో ఊగిపోతున్న పెద్దాయన్ని శాంతపరిచావా? చేసి ఉంటే రెజ్యూమెలో మొట్టమొదట ఉండాల్సింది అదే. ఇంకోటి, సెర్చ్‌లో ఫండ్‌రైజింగ్ అని ఒక్కటే కొడుతున్నావేమో. ఈ పోస్టులు డెవలప్‌మెంట్, యాన్యువల్ గివింగ్, డోనర్ రిలేషన్స్, స్టీవార్డ్‌షిప్ అనే పేర్లతో పడతాయి. ఎన్‌సీఏఏ (కాలేజీ ఆటల సంఘం) మార్కెట్, టీమ్‌వర్క్ ఆన్‌లైన్ లాంటి ఉద్యోగాల సైట్లు అందరూ చూస్తారు. చాలామంది వదిలేసేది బూస్టర్ సంస్థల, అంటే ఒక్కో యూనివర్సిటీ ఆటలకి విరాళాలు పోగుచేసే సంస్థల, సొంత సైట్లు. క్లెమ్సన్‌కి ఇప్టే, ఫ్లోరిడా స్టేట్‌కి సెమినోల్ బూస్టర్స్, టెక్సాస్ ఏ అండ్ ఎంకి ట్వెల్త్ మ్యాన్ ఫౌండేషన్, ఎన్‌సీ స్టేట్‌కి వుల్ఫ్‌ప్యాక్ క్లబ్, ఇలా. కొన్ని ఉద్యోగాలు యూనివర్సిటీ హెచ్‌ఆర్ పేజీలో అసలు కనిపించవు.

మీ నాన్నగారికి చెప్పడానికి ఒకటి ఇస్తున్నా. ఇప్టే మొదలైంది 1934లో, మాంద్యం రోజుల్లో, ఏడాదికి పది డాలర్లు కట్టండి చాలు అని. దాని ఇంగ్లిష్ పేరులోనే ఆ పది డాలర్లున్నాయి. ఆ చందాల మీదే క్లెమ్సన్ ఫుట్‌బాల్ నిలబడింది.

నెల్లూరు_నెట్‌ప్రాక్టీస్
రెన్యూవల్ కాల్స్ చేశాను. వేసవంతా అదే పని. అది ఫండ్‌రైజింగ్ కిందకి వస్తుందా? అమ్మకం కదా?

చందాల_చక్రపాణి
చాలాచోట్ల ఫుట్‌బాల్ సీజన్ టికెట్ ఊరికే రాదు, సీటుని బట్టి అథ్లెటిక్ ఫండ్‌కి ఇంత కట్టాలి. అంటే టికెట్ రెన్యూ చేయించినప్పుడు విరాళం కూడా రెన్యూ చేయించినట్టే. నువ్వు చేసింది అదే పని, పేరు వేరు.

టెయిల్‌గేట్_తాతయ్య
నేను డబ్బు కట్టే వైపు మనిషిని. ఇద్దరు పిల్లలూ మా ఊరి యూనివర్సిటీలోనే చదివారు, ఆటలు నాకు అంటించింది వాళ్ళే, వాళ్ళు ఊరు వదిలేశారు గానీ నేను టికెట్లు వదల్లేదు. ఒక్క మాట చెప్తానమ్మా. మొదటి ఫోన్‌లోనే డబ్బు అడిగినవాడికి నేనెప్పుడూ పైసా ఎక్కువ ఇవ్వలేదు. మా ఆవిడకి మోకాళ్ళ నొప్పి, పార్కింగ్ చోటు నుంచి గేటు దాకా నడవలేదు. ఒకమ్మాయి, కొత్తగా చేరింది, ఆ సంగతి నోట్ చేసుకుని దగ్గరి లాట్‌కి మార్పించింది, తర్వాత మ్యాచ్ రోజున వచ్చి ఎలా ఉందని అడిగి వెళ్ళింది. డబ్బు ఊసే లేదు. మరుసటి ఏడాది ఆ అమ్మాయి ఫోన్ చేసి స్కాలర్‌షిప్ ఫండ్ గురించి చెప్తే మా ఆవిడే ముందు ఒప్పుకుంది. తర్వాత ఆ అమ్మాయి వేరే యూనివర్సిటీకి వెళ్ళిపోయిందనుకోండి. అదొక్కటే మాకు చిరాకు, పేరు గుర్తుపెట్టుకునే లోపే మనిషి మారిపోతుంది.

లెక్క_తేల్చు
అందరూ తియ్యగా చెప్తున్నారు గానీ ఈ రంగం ఎటు పోతోందో కూడా చెప్పండి. 2021 జూలైలో ఆటగాళ్ళకి పేరూ బొమ్మా మీద సంపాదించుకునే హక్కు వచ్చింది. అప్పటి నుంచి కలెక్టివ్‌లని, ఆటగాళ్ళకి ఇవ్వడానికి డబ్బు పోగుచేసే వేరే గుంపులు తయారై అదే దాత జేబుకి ఇంకో చెయ్యి పెట్టాయి. 2025 జూన్‌లో ఆటగాళ్ళు ఎన్‌సీఏఏ మీద వేసిన హౌస్ కేసు సెటిల్‌మెంట్‌ని కోర్టు ఆమోదించాక యూనివర్సిటీలే ఆటగాళ్ళకి నేరుగా డబ్బు ఇవ్వొచ్చు, 2025-26లో ఒక్కో స్కూలు సుమారు 2.05 కోట్ల డాలర్ల దాకా. ఆ డబ్బు ఎక్కడి నుంచి రావాలి? ఇంకోపక్క 2023లో టెక్సాస్ ఏ అండ్ ఎం వాళ్ళు ఫుట్‌బాల్ కోచ్ జింబో ఫిషర్‌ని పంపించెయ్యడానికి 7.5 కోట్ల డాలర్ల పైనే ఒప్పుకున్నారు. నేనే దాతనైతే ఫోన్ ఎత్తను. ఈ అమ్మాయి వేరే లైన్ చూసుకోవడం మంచిది.

చందాల_చక్రపాణి
@లెక్క_తేల్చు అంకెలతో పేచీ లేదు, చివరి మాటతోనే ఉంది. స్కూలుకి ఖర్చు పెరిగితే ముందు కోసేది చిన్న ఆటల బడ్జెట్, ప్రయాణాలు, కొన్నిచోట్ల టీముల్నే ఎత్తేస్తున్నారు. డబ్బు తెచ్చే సీటు ఆ వరసలో చివర ఉంటుంది. దాతలు విసిగిపోయారన్నది మాత్రం నిజం, నేను రోజూ వింటున్నాను. "నా డబ్బు క్వార్టర్‌బ్యాక్ కారుకి వెళ్తుందా?" అని అడుగుతారు. అప్పుడు ఏ ఫండ్ దేనికో తడబడకుండా చెప్పగలగాలి. ఇంటర్వ్యూలో దీని మీద ప్రశ్న తప్పదు, హౌస్ సెటిల్‌మెంట్ గురించి పది వాక్యాలైనా మాట్లాడలేకపోతే అక్కడే ఆగిపోతావు.

పన్ను సంగతి కూడా చదువుకో. 2017 చివరి దాకా సీటు కోసం కట్టిన విరాళంలో 80 శాతానికి మినహాయింపు ఉండేది. 2018 నుంచి సీటుతో ముడిపడ్డ డబ్బుకి అసలు లేదు. సీటుతో సంబంధం లేకుండా ఇచ్చే విరాళానికి ఉంది. పాత దాత "నా సీఏ ఇలా అన్నాడు" అని మొదలుపెడితే నీకు ఆ తేడా తెలిసుండాలి. తెలిసినా పన్ను సలహా ఇవ్వకూడదు, మీ సీఏనే అడగండి అని మర్యాదగా తప్పుకోవాలి.

హాస్యం_ఉచితం
కోచ్‌ని పొమ్మనడానికి ఏడున్నర కోట్ల డాలర్లా! నన్ను మా మేనేజర్ ఊరికే పొమ్మన్నాడు.

డివిజన్_త్రీ_పిల్ల
అందరూ పెద్ద స్టేడియాల గురించే మాట్లాడుతున్నారు. నేను చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీలో టెన్నిస్ అసిస్టెంట్ కోచ్‌ని. ఎన్‌సీఏఏలో మాది మూడో అంచె, డివిజన్ త్రీ, అందులో అథ్లెటిక్ స్కాలర్‌షిప్‌లు ఉండవు, కాబట్టి మా దగ్గర విరాళమంటే బస్సు, వసంతకాలం ట్రిప్, కోర్టుల మీద కొత్త పూత. అథ్లెటిక్స్‌కి ప్రత్యేకంగా ఫండ్‌రైజర్ లేడు, అలమ్నై ఆఫీసులో ఒకాయన సగం టైమ్ మా పని చూస్తాడు, మిగతాది మేమే. గివింగ్ డే రోజున 24 గంటల్లో పాత ఆటగాళ్ళందరికీ మెయిల్స్, ఫోన్లు. ఎవరైనా పెద్ద దాత "మీరు వందమందిని తెస్తే నేను ఇంత కలుపుతా" అంటే ఇక ఆ రోజు మాకు అన్నం నీళ్ళు ఉండవు. ఇక్కడ ఏడాది చేస్తే కాల్స్, మెయిల్స్, ఈవెంట్, ధన్యవాదాల ఉత్తరాలు, డేటాబేస్ అన్నీ వస్తాయి. పెద్ద చోట అయితే ఒక్క ముక్కే చేతికొస్తుంది.

చందాల_చక్రపాణి
కొంతవరకు ఒప్పుకుంటా. కానీ చిన్న చోట చేసినవాళ్ళు పెద్ద చోటికి వచ్చేటప్పుడు "ప్రయారిటీ పాయింట్లతో పనిచేశావా" అని మావాళ్ళు అడుగుతారు, వాళ్ళు తెల్లమొహం వేస్తారు. ఎంత ఇచ్చావు, ఎన్నేళ్ళుగా ఇస్తున్నావు అన్నదాన్ని బట్టి పాయింట్లు, వాటిని బట్టి సీటూ పార్కింగూ బౌల్ గేమ్ టికెట్లూ. మా ఫోన్ కాల్స్‌లో సగం పాయింట్ల పంచాయితీలే.

డివిజన్_త్రీ_పిల్ల
పాయింట్ల పద్ధతి వారంలో నేర్చుకోవచ్చు. మనిషి ఎదురుగా కూర్చుని అడగడం వారంలో రాదు.

రమణి_డేటన్
దీనికి నా ఓటు @డివిజన్_త్రీ_పిల్లకే. నేను ఆస్పత్రి ఫౌండేషన్‌లో డెవలప్‌మెంట్ ఆఫీసర్‌ని, అథ్లెటిక్స్ కాదు, అయినా పని ఒకటే. నేను నేర్చుకున్నది యూనివర్సిటీ ఫోనథాన్‌లో, రాత్రిపూట హెడ్‌సెట్ పెట్టుకుని పాత విద్యార్థులకి కాల్స్. మీ క్యాంపస్‌లో అలాంటి కాల్ సెంటరో టెక్స్టింగ్ టీమో ఉందేమో చూడమ్మా, స్టూడెంట్స్‌నే తీసుకుంటారు. స్టూడెంట్ వీసా మీద నీకు వారానికి 20 గంటల పరిమితి ఉంది కాబట్టి టికెట్ ఆఫీసు గంటలు కాస్త తగ్గించుకుని ఇందులో చేరొచ్చు. ఏడెనిమిది వారాలు చాలు, రెజ్యూమెలో ఫండ్‌రైజింగ్ అనుభవం అని నిజాయితీగా రాసుకోవచ్చు. అథ్లెటిక్స్‌లోనే కావాలని పట్టు పట్టకు కూడా. ఇంజనీరింగ్ కాలేజీ డెవలప్‌మెంట్ ఆఫీసులో చేరి తర్వాత అథ్లెటిక్స్‌కి మారినవాళ్ళు నాకు తెలుసు.

నెల్లూరు_నెట్‌ప్రాక్టీస్
రమణి గారూ, ఫోన్‌లో నా యాసకి ఇబ్బంది అవుతుందేమోనని భయం. టికెట్ కాల్స్‌లో ఇద్దరు ముగ్గురు స్పామ్ అనుకుని పెట్టేశారు. ఒకాయనైతే "నా కంప్యూటర్‌కి వైరస్ ఏమీ రాలేదు" అన్నాడు.

రమణి_డేటన్
హహ, నాకూ అయింది. పేరుతో మొదలుపెట్టకు. వాళ్ళకి మాత్రమే అర్థమయ్యే మాటతో మొదలుపెట్టు, వాళ్ళ బ్యాచ్, సెక్షన్ నంబర్, పోయిన శనివారం మ్యాచ్‌లో చివరి నిమిషం, ఏదో ఒకటి. యాస గురించి ఆ తర్వాత ఎవరూ పట్టించుకోరు. వైరస్ పెద్దమనిషి మాత్రం నాకు తెగ నచ్చాడు.

టెయిల్‌గేట్_తాతయ్య
మన పేరు పలకలేక ఫోన్ చేసిన కుర్రాళ్ళు నీళ్ళు నమలడం నేను ఇన్నేళ్ళుగా వింటున్నా. ఒకసారి వాళ్ళ వంతు రానీ.

లెక్క_తేల్చు
అసలు అడ్డంకి వీసా కదా, దాన్ని వదిలేసి యాస గురించి చర్చేంటి.

వీసా_వీరయ్య
వచ్చాను. లాయర్ని కాదు, ఇది ముందే చెప్తున్నా. స్పోర్ట్ మేనేజ్‌మెంట్ మామూలుగా స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు) కింద రాదు, యూనివర్సిటీ వీసా కోసం ఇచ్చిన నీ ఐ-20 పత్రంలో కోడ్ చూసుకో. స్టెమ్ కాకపోతే ఓపీటీ, అంటే చదువయ్యాక పని చేసుకునే అనుమతి, 12 నెలలే, ఆ పైన 24 నెలల పొడిగింపు ఉండదు. ఆ ఏడాదిలో ఖాళీగా ఉండగలిగేది మొత్తం 90 రోజులు. జీతం లేకుండా వాలంటీర్‌గా చేసినా వారానికి కనీసం 20 గంటలుంటే, చదువుకి సంబంధించిన పని అయితే, ఖాళీ కింద లెక్కపెట్టరు. అక్కడ పనిచేస్తున్నట్టు వాళ్ళ నుంచి ఉత్తరం తీసి పెట్టుకో.

ఇక మంచి వార్త. యూనివర్సిటీ నేరుగా తీసుకుంటే హెచ్-1బీ వర్క్ వీసాకి లాటరీ లేదు, ఏడాదిలో ఎప్పుడైనా పెట్టొచ్చు. చక్రపాణి గారు చెప్పిన బూస్టర్ సంస్థలతో జాగ్రత్త. అవి చాలావరకు విడిగా రిజిస్టరైన లాభాపేక్ష లేని సంస్థలు, యూనివర్సిటీతో అనుబంధం ఉన్నట్టు కాగితాల మీద చూపగలిగితేనే ఆ మినహాయింపు. 2025 సెప్టెంబరులో వచ్చిన లక్ష డాలర్ల హెచ్-1బీ ఫీజు గురించి అందరూ టెన్షన్ పడుతున్నారు, అమెరికాలోనే ఉండి ఎఫ్-1 స్టూడెంట్ వీసా నుంచి మారేవాళ్ళకి అది వర్తించదని అక్టోబరులో ఇమ్మిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్ చెప్పింది. నువ్వు అప్లై చేసే నాటికి రూల్ ఏమైందో లాయర్ని అడిగే చెయ్యి.

ఎవరూ చెప్పని చిక్కు ఇంకోటి. హెచ్-1బీకి ఆ ఉద్యోగానికి ఫలానా డిగ్రీ తప్పనిసరి అని చూపాలి. డెవలప్‌మెంట్ ఉద్యోగాల ప్రకటనల్లో "ఏదైనా డిగ్రీ" అని ఉంటుంది. అక్కడే ఇరుక్కుంటారు. స్పోర్ట్ మేనేజ్‌మెంట్ లేదా దగ్గరి సబ్జెక్టు కావాలి అని రాసిన ప్రకటనలకి ముందు అప్లై చెయ్యి.

నెల్లూరు_నెట్‌ప్రాక్టీస్
ఈ చివరి ముక్క మా ఇంటర్నేషనల్ ఆఫీసులో కూడా ఎవరూ చెప్పలేదు. థాంక్స్ అండీ.

పిట్స్‌బర్గ్_ప్రసాదం
నా సందేహం వేరు. తానా, ఆటా సభలకి స్పాన్సర్లని పట్టుకురావడం, గుడికి విరాళాలు తేవడం, ఇలాంటివి రెజ్యూమెలో పెట్టొచ్చా? మా అబ్బాయీ ఇదే లైన్ అంటున్నాడు.

చందాల_చక్రపాణి
బ్రహ్మాండంగా పెట్టొచ్చు. "కమిటీ సభ్యుడు" అని రాసి వదిలెయ్యకూడదు, అంతే. ఎంతమందిని కలిశాడు, ఎంత అడిగాడు, ఎంత వచ్చింది, తర్వాత ఏడాది వాళ్ళు మళ్ళీ ఇచ్చారా. ఆ నాలుగూ ఉంటే అది గుడైనా స్టేడియమైనా ఒకటే మాకు.

హాస్యం_ఉచితం
అయితే నా చవితి కమిటీ కూడా పెడుతున్నా. మళ్ళీ ఇచ్చారా అంటే, ఇవ్వకపోతే మైకు వాళ్ళింటి వైపు తిప్పేవాళ్ళం.

పిట్స్‌బర్గ్_ప్రసాదం
ఇంకో సంగతి. మనవాళ్ళు ఇంజనీరింగ్ కాలేజీలకీ మెడికల్ స్కూళ్ళకీ ఇస్తారు, అథ్లెటిక్స్‌కి ఇచ్చేవాళ్ళు తక్కువ. తెలుగమ్మాయి ఉంటే మన డాక్టర్లని, ఐటీ వాళ్ళని ఆ వైపు తేగలదు. ఇంటర్వ్యూలో ఇదే తన బలం అని చెప్పుకోవచ్చు కదా.

రమణి_డేటన్
వద్దు. ఒకసారి ఆ మాట అంటే జీవితాంతం "ఇండియన్ దాతలు ఈవిడ ఖాతా" అని రాసేస్తారు. మా ఆఫీసులో నేను ఆ గీత చెరుపుకోవడానికి చాలా కాలం పట్టింది. రైతు కుటుంబాల వాళ్ళు, కార్ల డీలర్లు, డెంటిస్టులు, వీళ్ళతో మాట్లాడగలనని చూపించు ముందు.

టెయిల్‌గేట్_తాతయ్య
నేను మాత్రం ప్రసాదం గారితోనే. నన్ను తెలుగులో ఎవరైనా అడిగి ఉంటే ఇంకొంచెం ముందే ఇచ్చేవాణ్ణి. రమణిగారి అనుభవం రమణిగారిది.

కార్పెట్_కబడ్డీ
కమిషన్ ఎంతుంటుంది? పదిలక్షలు తెస్తే ఎంత మిగుల్తుంది?

చందాల_చక్రపాణి
ఉండదు. తెచ్చిన విరాళంలో శాతం తీసుకోవడం ఫండ్‌రైజర్ల సంఘం ఏఎఫ్‌పీ నియమావళి ప్రకారమే తప్పు. జీతమే. ప్రభుత్వ యూనివర్సిటీల జీతాలు చాలా రాష్ట్రాల్లో బహిరంగం, పేరు కొడితే వచ్చేస్తాయి, అప్లై చేసే ముందు చూసుకోండి. మొదట్లో తక్కువే, పైగా ఫుట్‌బాల్ సీజన్‌లో సొంత స్టేడియంలో మ్యాచ్ ఉన్న ప్రతి శనివారమూ పోతుంది. పైకి ఎదగడానికి మాత్రం మంచి దారి. టెనెసీ అథ్లెటిక్ డైరెక్టర్ డానీ వైట్ ఓలే మిస్‌లో విరాళాల పని చూసినవాడే.

కార్పెట్_కబడ్డీ
అయితే నాకొద్దు.

నెల్లూరు_నెట్‌ప్రాక్టీస్
ఇవాళ మొదటి ఫోన్ ఇంటర్వ్యూ ఫిక్సయింది! పక్క రాష్ట్రంలో, యాన్యువల్ ఫండ్ అసిస్టెంట్. రెజ్యూమెలో రెన్యూవల్ కాల్స్ పైకి తెచ్చి, వాలీబాల్ పూర్తిగా తీసేసి పంపినదానికే వచ్చింది. ఏం అడుగుతారు?

డివిజన్_త్రీ_పిల్ల
వాలీబాల్ ఎందుకు తీసేశావు! కింద పెట్టమన్నారు గానీ తీసెయ్యమన్నారా? 2023 ఆగస్టులో నెబ్రాస్కా వాళ్ళు ఫుట్‌బాల్ స్టేడియంలో వాలీబాల్ మ్యాచ్ పెడితే 92,003 మంది వచ్చారు. మహిళల ఆటలకి ఇచ్చేవాళ్ళు వేరే రకం దాతలు, చాలామంది తాము ఆడినవాళ్ళే. వాళ్ళతో నువ్వు మాట్లాడినట్టు ఇంకెవరూ మాట్లాడలేరు.

చందాల_చక్రపాణి
దానికి నేనూ ఓకే. ఇంటర్వ్యూ సంగతి. ఫోన్ రౌండ్‌లో మామూలు ప్రశ్నలే, కాదన్నవాళ్ళతో ఏం చేశావు, ఒకేరోజు రెండు పనులు మీద పడితే ఏది ముందు, మా స్కూలు గురించి ఏం తెలుసు. వాళ్ళ ఫండ్ పేజీలో ఏ మొత్తానికి ఏ మెట్టు, ఇప్పుడు ఏ బిల్డింగ్‌కి డబ్బు పోగేస్తున్నారు, రెండూ నోటికి వచ్చేలా చూసుకో. ఎండోమెంట్ లెక్క అడుగుతారు ఒక్కోసారి. లక్ష డాలర్లు ఎండోమెంట్‌లో వేస్తే అసలు అలాగే ఉంటుంది, ఏటా 4 శాతం పంచే చోట 4,000 డాలర్లు స్కాలర్‌షిప్‌కి వస్తాయి.

క్యాంపస్‌కి పిలిస్తే నటించి చూపమంటారు. ఎదురుగా కూర్చున్నవాడు పాత ఆటగాడు, కార్ల షోరూమ్ ఓనర్, లాకర్ రూమ్‌కి 25,000 అడుగు అంటారు. పిల్లలు అక్కడే పోగొట్టుకుంటారు. అడగటం అడుగుతారు, అవతల ఆయన ఆలోచిస్తుంటే భయమేసి "పోనీ పది వేలైనా పర్లేదు" అనేస్తారు. అంకె చెప్పాక నోరు మూసుకో. ఆయన మాట్లాడేదాకా మంచినీళ్ళు తాగు, ఏదైనా చెయ్యి, మాట్లాడకు.

టెయిల్‌గేట్_తాతయ్య
నిజం. ఆ నిశ్శబ్దంలోనే నేను చాలాసార్లు ఎక్కువ ఒప్పేసుకున్నా.

లెక్క_తేల్చు
సరే, నేను వద్దన్నా వినేలా లేరు. జూన్‌లో ఎన్‌ఏసీడీఏ కన్వెన్షన్ ఉంటుంది, అథ్లెటిక్స్ ఆఫీసుల వాళ్ళంతా వస్తారు, డెవలప్‌మెంట్ వాళ్ళ సంఘం కూడా అక్కడే కలుస్తుంది. ఈ ఇంటర్వ్యూ తేలకపోతే అక్కడికి వెళ్ళు. ఖర్చు ఎక్కువ, ముందు మీ డిపార్ట్‌మెంట్‌ని భరించమని అడుగు. డబ్బు అడగడం ప్రాక్టీస్ కూడా అవుతుంది.

నెల్లూరు_నెట్‌ప్రాక్టీస్
రేపే మా ప్రొఫెసర్‌ని అడుగుతా. వీరయ్య గారూ, వీసా స్పాన్సర్‌షిప్ కావాలని నేనే ముందు చెప్పాలా?

వీసా_వీరయ్య
అప్లికేషన్‌లో అడిగితే ఉన్నది రాయి. ఫోన్ రౌండ్‌లో వాళ్ళు ఎత్తకపోతే నువ్వూ ఎత్తకు, క్యాంపస్‌కి పిలిచాక హెచ్‌ఆర్‌ని అడుగు. అంతకన్నా ముందు ఓపీటీ పని చూడు. కోర్సు ముగిసే తేదీకి 90 రోజుల ముందు నుంచే అప్లై చెయ్యొచ్చు, నీకైతే ఫిబ్రవరి. మొదలయ్యే తేదీ కోర్సు ముగిశాక 60 రోజుల్లోపు నువ్వే ఎంచుకోవచ్చు. ఆఫర్ చేతిలో లేకపోతే వీలైనంత వెనక్కి జరుపుకో, ఆ 90 రోజుల లెక్క అక్కడి నుంచే మొదలవుతుంది.